బాడుగ సముద్రం

ఒప్పుకుంటున్నాను అని ఒక బటను, రద్దు చెయ్యి అని ఇంకో బటను. రెండింటి మధ్యా నా బొటనవేలు ఊగుతూ ఉంది. చాప మీద వెల్లకిలా పడుకొని ఫోనును ముఖం మీదికి ఎత్తి పట్టుకొని ఉన్నాను, చెయ్యి జారితే ముక్కు మీద పడుతుంది, పోయిన వారం అట్లాగే పడింది కూడా. ఈపాటికి నేను నిద్రలో ఉండాలి. రాత్రి డ్యూటీ చేసి కంపెనీ బస్సు దిగి, నీళ్ళు పోసుకొని, రెండు ముద్దలు తిని, పిల్లను బడికి పంపి, కిటికీకి పాత చీర అడ్డం కట్టి పడుకున్నాను. కట్టినా చీర పూల గుండా వెలుతురు వస్తుంది, గోడ మీద పసుపుపచ్చ పూలు పూస్తాయి, వాటిని చూస్తూ చెవుల్లో సముద్రం పెట్టుకుంటే మూడో అలకో నాలుగో అలకో నేను ఉండను. ఈరోజు అలల కంటే ముందు ఈ ప్రశ్న వచ్చి కూర్చుంది. ఈ నెల నుంచి ధర మూడింతలు చేశాము, మీకు ఇంకా మంచి నిద్ర ఇవ్వడం కోసమే, అని యాప్ వాళ్ళు రాశారు. నిద్ర ఇస్తామంటూనే దాన్ని చెడగొట్టే సంగతి పడుకునే వేళకే పంపడం ఎవరి తెలివో. ఈరోజుతో గడువు అయిపోతుంది. ఒప్పుకోకపోతే రేపు పొద్దున నా చెవుల్లో ఏమీ మోగదు, మోగకపోతే ఏమవుతుందో నాకు తెలుసు, తెలిసే రద్దు దాకా పోయిన వేలు వెనక్కి వస్తుంది. ఒప్పుకుందామని ఇటు జరిపితే మా అత్త కామమ్మ నవ్వు వినిపిస్తుంది. నిజంగా నవ్వడం లేదు, బయట వాకిట్లో ఎండు చేపలు తిరగేస్తూ ఉంది, అయినా ఆ నవ్వు నాలో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

“సముద్రం ఒడ్డున కాపరం చేస్తా సముద్రానికి బాడుగ కట్టేదానివి ఈ జిల్లాలో నువ్వొక్కదానివే మే,” అంది మొదటిసారి తెలిసినప్పుడు. నిజమే మరి. మా ఇంటి నుంచి ఇసుక దిబ్బ దాటితే సముద్రం, దాని హోరు మా వంటింట్లో కూడా ఉంటుంది, కూరలో ఉప్పులాగా, ఉన్నట్టు ఎవరికీ తెలియదు, లేకపోతే తెలుస్తుంది. అంత సముద్రం ఊరికే మోగుతుంటే చెవుల్లో ఇంకో సముద్రం దూర్చుకొని దాన్ని వినపడకుండా చేసుకుంటాను. మా ఆయన సుబ్బు అయితే ఒకరోజు లౌడ్‌స్పీకర్ పెట్టించి మరీ విన్నాడు, గడ్డం గోక్కుంటూ, చేపల వేటకి పోయేముందు గాలి చూసేటప్పుడు పెట్టే ముఖం పెట్టి. “ఇది మన రేవు గాదు. గులకరాళ్ళు దొర్లుతుండాయి చూడు అడుగున. ఈడ వలేస్తే పీలికలే,” అన్నాడు. ఏ ఊరి సముద్రమో అన్నాను నేను. “ఏ వూరిదైతే ఏంది, వేట బాగుందంటే చెప్పు, పోయొస్తా,” అన్నాడు. ఆ తర్వాత నా ఫోను ఎప్పుడు మోగినా మీ వూరి సముద్రం పిలుస్తుందని ఎగతాళి.

నవోమి వల్ల వచ్చింది ఇదంతా. పోర్టు యార్డు కెమెరాల గదిలో నా పక్క కుర్చీ తనది. రాత్రంతా మేమిద్దరం తెరల మీద కంటైనర్లను చూస్తాం, అవి కదలవు, కదలకుండా ఉన్నాయని చూడడమే మా ఉద్యోగం. ఒక కుక్క ఒక తెరలోంచి పోయి ఇంకో తెరలోకి వస్తే ఆ రాత్రికి అదే విశేషం. కదలని వాటిని చూస్తూ మేలుకొని ఉండాలంటే పగలు బాగా నిద్రపోవాలి, నాకేమో ఆ నిద్రే రాదు. “అక్కా, నేనైతే వాన పెట్టుకొని పడుకుంటా, మండే ఎండల్లో మా ఇంట్లో ముసురే,” అని నవోమి ఈ యాప్ ఎక్కించింది. అందులో వాన, అడవి, రైలు, పొయ్యిలో కట్టెలు, సముద్రం అని వరసగా ఉన్నాయి. వాన విన్నాను, బయట ఆరేసిన చేపలు తీయాలేమోనని లేచి కూర్చున్నాను. రైలు విన్నాను, దిగాల్సిన స్టేషను దాటిపోతుందేమోనని ఒకటే ఆదుర్దా. సముద్రం పెట్టగానే నిద్రపోయాను. అంతకు ముందు వారమే కెమెరాల ముందు తల వాలిస్తే మా సూపర్‌వైజరు నరేంద్రబాబు గారు వెనక నుంచి వచ్చి, “రోజారమణి గారూ, మీరు కెమెరాను చూడాలా, కెమెరా మిమ్మల్ని చూడాలా?” అన్నారు. నవ్వుతూనే అన్నారు, ఇంకోసారైతే పేరు పైకి పంపాల్సి వస్తుందని కూడా నవ్వుతూనే చెప్పారు. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ రొయ్యల కంపెనీలో ఐసులో చేతులు పెట్టాలి, ఆ పని చేసిన నాలుగేళ్ళు ఈ వేళ్ళకు ఇంకా గుర్తే. అంటే నేను కొనేది శబ్దం కాదు, కుర్చీలో కూర్చొని చేసే ఉద్యోగాన్ని. అట్లా అనుకుంటే ధర తక్కువే అనిపిస్తుంది, వేలు ఒప్పుకోవడం వైపు పోతుంది, పోయి మళ్ళీ ఆగుతుంది, ఎందుకంటే ఇంకో సంగతి నాకు అర్థం కావాలి.

అదే సముద్రం కదా. ఇది అల, అదీ అలే. బయటి దాని హోరులో నిద్ర ఎందుకు రాదు, లోపలి దాని హోరులో ఎందుకు వస్తుంది. గులకరాళ్ళ మహిమేమో అనుకున్నాను కొన్నాళ్ళు. ఎండాకాలంలో వేట బంద్ ఉన్న రెండు నెలలూ పడవలు ఒడ్డున బోర్లా పడుకుంటే నేను కూడా యాప్ లేకుండానే పడుకున్నాను, బయటి హోరు వింటూనే, అప్పుడు చల్లగా సముద్రపు గాలి వస్తుంది కాబట్టి అనుకున్నాను. ఆ రెండు నెలల బాడుగ వృథాగా పోయింది. ఇళ్ళలో అద్దెకున్నవాళ్ళు ఊరికి పోయినా అద్దె కడతారు కదా అని సర్దిచెప్పుకున్నాను. మనిషి బుద్ధి వింతగా ఉంటుంది, జవాబు ఎదురుగా నిలబడితే పక్కకు తప్పుకొని గాలిని చూపిస్తుంది. వేట మళ్ళీ మొదలైంది, నిద్ర పోయింది, యాప్ వచ్చింది. సుబ్బు తెల్లవారకముందే పడవ దింపుతాడు, నేను పొద్దున వచ్చి పడుకునేసరికి అతను నీళ్ళ మీద ఉంటాడు, మేము ఒకరి పక్కన ఒకరం పడుకునేది నాకు సెలవు ఉన్న రోజే. అతను వచ్చేదాకా మా అత్త వాకిట్లో ఉంటుంది. పడవ నీళ్ళ మీద ఉండగా ఇంట్లో ఒక ఆడమనిషి కళ్ళు తెరుచుకొని ఉండాలి, తలుపు తీసి ఉండాలి, ఇది ఎవరు పెట్టిన పద్ధతో ఎవరికీ తెలియదు, ఏ ఇల్లూ దాటదు. మా మామ మోకాళ్ళు పట్టేసి వేట మాని రొయ్యల చెరువుల కాపలాకు పోయేదాకా ఆయన కోసం, ఆయన మానేసరికి కొడుకు అందుకున్నాడు కాబట్టి కొడుకు కోసం. నేను లోపల నిద్రపోవచ్చు, ఎందుకంటే ఆమె బయట మేలుకొని ఉంది. రాత్రి నా ఉద్యోగం, పొద్దున ఆమె ఉద్యోగం. ఆమెకు సూపర్‌వైజరు లేడు, అంతే తేడా.

ఆ తుఫాను సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వూ సిగ్గూ ఒకేసారి వస్తాయి. ఒకరోజు సముద్రం అయిపోయాక యాప్ తనంతట తానే తర్వాతి శబ్దంలోకి పోయింది, అది సముద్రంలో తుఫాను. నేను నిద్రలో ఉన్నాను. ముందు గాలి లేచింది, తర్వాత అలలు విరిగాయి, ఉరుము. నేను లేచి, తలుపు దాటి, నైటీ మీదనే, జుట్టు విరబోసుకొని, ఫోను గుప్పిట్లో పట్టుకొని, దిబ్బ ఎక్కి పరుగెత్తాను, ఒక చెవిలో తుఫాను ఇంకా మోగుతూనే ఉంది, రెండో ఇయర్‌ఫోను ఊడి మెడలో వేలాడుతూ ఉంది. దిబ్బ మీద నుంచి చూస్తే సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలాగా ఉంది. ఎండ. ఒడ్డున గంపలు పెట్టుకొని కూర్చున్న ఆడవాళ్ళందరూ నా వైపు తిరిగారు. “ఏమే, ఎవురన్నా తరుముతుండారా?” అంది ఒకామె. తుఫాను వస్తుంది అన్నాను నేను, అన్నాక ఆకాశం చూశాను. ఆ రోజు నుంచి రేవులో నా పేరు తుఫాను. నేను అటు పోతే, తుఫానొస్తుండాది, పడవలు కట్టేయండి అంటారు. లోకంలో ఇంకెవరూ ఆ శబ్దానికి లేచి పరుగెత్తరేమో, దుప్పటి ఇంకా కప్పుకుంటారేమో, హాయిగా ఉందని నెలనెలా డబ్బులు కూడా కడుతున్నారు కదా. వాళ్ళకు అది ఉరుము, మాకు అది సమాచారం.

సమాచారం అంటే మా నాయన ఓబయ్య గుర్తొస్తాడు. నాకు ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో ఉన్నప్పుడు వేటకు పోయినవాడు ఆ రోజు రాలేదు, తర్వాతి రోజూ రాలేదు. ఫోన్లు లేవు. ఊరి ఆడవాళ్ళందరూ ఒడ్డున కూర్చున్నారు, మా అమ్మ మధ్యలో, ఆమె పక్కన మా మేనత్త, అంటే ఇప్పటి మా అత్తే, కామమ్మే, తన తమ్ముడు కదా. నేను ఆమె ఒళ్ళో కూర్చొని అలలు విన్నాను. ఒక్కో అల విరిగినప్పుడు ఆమె పొట్ట బిగుసుకోవడం నా వీపుకు తెలిసేది. అల విరిగేదాకా ఊపిరి పట్టి, విరిగాక వదిలేది, నేను కూడా ఆమెతో పాటే పట్టి వదిలేదాన్ని. మా నాయన వచ్చాడు. సముద్రంలోంచి కాదు, వెనకనుంచి. ఇంజను చెడిపోయి పడవ దక్షిణం వైపు కొట్టుకుపోయి తమిళనాడు ఒడ్డున తగిలితే, అక్కడ పడవ కట్టేసి, వాళ్ళు పెట్టిన ఇడ్లీలు తిని, బస్సెక్కి, బస్సు దిగి, చేతిలో మురుకుల పొట్లంతో, ఒడ్డున వరసగా వీపులు పెట్టి కూర్చున్న మా వెనక నిలబడి, “ఏంది, అందరూ ఈడుండారు, ఎవురు పోయినారు?” అన్నాడు. మా అత్త లేచి తమ్ముణ్ణి కొట్టింది, చేతికి దొరికిన తెడ్డుతో. మురుకులు ఇసుకలో పడ్డాయి, మేం ఊదుకొని తిన్నాం. ఇన్నేళ్ళయినా ఆ ఇసుక పంటి కింద కరకరమంటుంది.

ఊరికే దొరికేదానికి డబ్బులెందుకు అని సుబ్బు కూడా ఒక ఉపాయం చేశాడు, మొన్న ధర సంగతి చెప్పగానే. పడవలో పోతూ పోతూ తన ఫోనులో సముద్రాన్ని రికార్డు చేసి తెచ్చాడు, మన సముద్రమే, అదీ నడిసముద్రం, పెట్టుకొని పడుకో అన్నాడు. పెట్టుకున్నాను. ముందు ఇంజను. తర్వాత వల చిక్కుపడినందుకు సుబ్బు తిట్టిన తిట్లు. తర్వాత పడవలో తోడు పోయే ముత్యాలయ్య మామ, “రేయ్ సుబ్బా, మీ ఆడది పులుసులో మామిడికాయ వేస్తుందా చింతపండు వేస్తుందా?” అనడం, “ఏది వేసినా బెండకాయ మాత్రం వేస్తుంది మామా, ఏం చెప్పేది,” అని వీడు మొత్తుకోవడం. బెండకాయ వేస్తే నచ్చదని పెళ్ళయిన ఇన్నేళ్ళకు నడిసముద్రం నుంచి తెలిసింది నాకు. నవ్వు ఆపుకోలేక నిద్ర ఏమీ పోలేదు. నవ్వాక మాటలు ఆగి, ఇంజను ఆగి, ఒక్క నీళ్ళ చప్పుడే మిగిలినచోట గుండె కొట్టుకోవడం మొదలైంది. ఎదురుగా మనిషి అన్నం తింటూ కూర్చున్నాడు, అయినా.

తలుపు దగ్గర వెలుతురు మారింది. అత్త లోపలికి వచ్చింది, చేతులు చీరకు తుడుచుకుంటూ, నడుము పట్టుకొని.

“ఇంకా పండుకోలా?”

“లేదత్తా.”

“ఫోను చెడిపోయిందా?”

“బాగానే ఉంది. ధర పెంచినారు.”

“సముద్రానికి గూడానా?” అంది, గోడకు ఆనుకొని నా పక్కన చతికిలబడి. “డీజిలు పెరిగె, ఐసు పెరిగె. ఇంక నీళ్ళ సప్పుడొకటి మిగిలుండె, దానిగ్గూడా వచ్చినారు. ఎంతంటా?” చెప్పాను. నాలుక చప్పరించింది. “ఆ ధరకి ఏం మోగుతుందో ఏదీ, నేను గూడా వింటా. వాడు ఇంకా రాలా, ఈ పొద్దు లేటయ్యేట్టుండాది. నడుము వాలుస్తా రవ్వంతసేపు, కళ్ళు మాత్రం ముయ్యన్లే.”

ఇయర్‌ఫోన్లు రెండూ ఆమె చెవుల్లో నేనే పెట్టాను. చేపల వాసన, ఉప్పు, చెవులకు పాత దిద్దులు, వాటి పక్కన ఆ తెల్ల గుండ్లు. చెవుల్లో శబ్దం ఉన్నవాళ్ళు గట్టిగా మాట్లాడతారు, ఆమె మామూలుగానే గట్టిగా మాట్లాడుతుంది, ఇల్లంతా దద్దరిల్లింది. “గులకరాళ్ళే. వాడు చెప్పింది నిజమే.” పైకప్పును చూస్తూ ఉంది. “ఇంజన్లు లేవేందే?”

“లేవత్తా,” అని తల అడ్డంగా ఊపాను.

“పడవలు గూడా లేవు. ఎవురూ పోలేదా వేటకి?”

“ఎవురూ లేరత్తా అందులో.”

“మనోళ్ళు ఎవురూ లేరు,” అంది, అడగడం కాదు, చెప్పడం. “మంచిదిలే.”

అంతే. మంచిదిలే అన్న నోరు అట్లాగే కొంచెం తెరుచుకొని ఉంది, కళ్ళు మూతపడ్డాయి, పొట్ట మీద పెట్టుకున్న చెయ్యి జారి చాప మీద వాలింది. నేను కదలలేదు. ఇన్నాళ్ళూ నేను గులకరాళ్ళలో, గాలిలో, చల్లదనంలో వెతికినదాన్ని ఈమె వచ్చి ఇట్టే చెప్పేసి నిద్రపోయింది. మా నాయన లేని, సుబ్బు లేని, ఒక్క పడవ కూడా లేని సముద్రం. ఎన్ని అలలు విరిగినా ఎవరికీ ఏమీ కాని సముద్రం. అట్లాంటిది ఒకటి ఉంటుందని మాకు తెలియదు, తెలిశాక బాడుగ కట్టకుండా ఎట్లా ఉంటాం. పొద్దున వెలుతురులో నిద్రపోయే అత్తను నేను ఎప్పుడూ చూడలేదు. గోడ మీది పసుపుపచ్చ పూలలో ఒకటి ఆమె నుదుటి మీదికి వచ్చింది, ఆమెను ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలనిపించింది, ఇంత మనిషిని. ఆమె పొట్ట చూశాను. బిగుసుకోవడం లేదు. దిగుతుంది, లేస్తుంది, తీరిగ్గా, చెవిలోని అల లెక్కన. ఆమె నిద్రపోయింది కాబట్టి నేను మేలుకోవాలి, ఎవరూ చెప్పలేదు, కాళ్ళే లేచాయి. పోయి గడపలో కూర్చున్నాను. చెవులు ఖాళీగా ఉన్నాయి, బయటి సముద్రం మొత్తం లోపలికి వచ్చింది. ఒక్కో అలకీ ఊపిరి పట్టి వదిలాను. నిద్రలేని కళ్ళు మండుతున్నా ఎందుకో హుషారుగా ఉంది, మొదటిసారి డ్యూటీ ఒంటరిగా అప్పగించినప్పటిలాగా.

దిబ్బ అవతల ఇంజను దగ్గింది. ఆ దగ్గు మాదే, ఏ ఇంటి ఇంజను ఎట్లా దగ్గుతుందో ఆ ఇంటివాళ్ళకు తెలుస్తుంది. అత్తను లేపాలి, గంప తీసుకొని పోయి చేపలు అమ్మేది ఆమె. లేపలేదు. గంప నేనే తీసుకున్నాను. రేవులో ఆడవాళ్ళు ఎప్పటిలాగే తుఫాను తుఫాను అన్నారు, అననీ. పడవ ముక్కు ఇసుకను తాకకముందే సుబ్బు నన్ను చూశాడు, నా వెనక వెతికాడు, అతని ముఖంలో రంగు పోయింది. మేమే అనుకున్నాను ఇన్నాళ్ళూ, ఒడ్డున కూర్చొని లెక్కపెట్టుకునేది. వాళ్ళు కూడా ఒడ్డును లెక్కపెట్టుకుంటూ వస్తారు.

“అమ్మ యాడ? ఏమైంది?”

“నిద్రపోతుండాది.”

“అమ్మా? ఇప్పుడా? జొరమా?”

“జొరం గాదు, ఏం గాదు. వేరే సముద్రానికి పోయింది.”

సుబ్బుకు అర్థం కావడానికి ఒక అల పట్టింది. ముత్యాలయ్య మామకు పట్టలేదు. “ఆడ వేటెట్టుందో కనుక్కోండి,” అన్నాడు తాడు లాగుతూ.

పడవలో ఒక పెద్ద వంజరం ఉంది, నిజంగా పెద్దది. ఐసు బండి వ్యాపారి జయరామయ్య దాన్ని ఒకసారి ఎత్తి చూసి, ముఖం అదోలా పెట్టి ఒక ధర చెప్పాడు. నేను సరే అన్నాను. ధర చెప్పారు, సరే అన్నాను, యాప్ విషయంలో పొద్దుటి నుంచీ అనలేకపోయిన మాట ఇక్కడ ఎంత తేలిగ్గా వచ్చిందో. సుబ్బు కళ్ళు మూసుకున్నాడు. జయరామయ్య చేప చేతిలో పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. “అట్ట గాదు పాపా. మీ అత్త అయితే ఈ ధరకి మా తాతను తిడుతుంది. నేను రెండోది చెప్తా, గంప ఎత్తుకొని పోయినట్టు పోతుంది. అప్పుడు గదా మూడోది చెప్పేది,” అన్నాడు, పాపం, నిజంగానే నొచ్చుకొని. అయినా మొదటి ధరే ఇచ్చాడు. మాట మాటే అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అత్త లేచి చాప మీద కూర్చొని ఉంది, చెవుల్లో గుండ్లు అట్లాగే ఉన్నాయి, తెలియని ఊళ్ళో బస్సు దిగిన మనిషిలాగా చుట్టూ చూస్తూ ఉంది. నన్నూ గంపనూ చూసి గుండ్లు పీకేసింది.

“వచ్చినాడా?”

“వచ్చినాడు. వల దులుపుతుండాడు.”

“ఏం పడింది?”

“వంజరం. పెద్దది.”

“ఎంతకిచ్చినావు?”

చెప్పాను. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను.

“ఆయన మొదట చెప్పిందానికేనా?” అని నెత్తి కొట్టుకుంది, కొట్టుకుంటూ నవ్వింది, అది నేను పొద్దుటి నుంచి తప్పించుకుంటున్న నవ్వే, ఎదురుగా వింటే అంత చెడ్డగా ఏమీ లేదు. “ఒక్క వంజరంలో నువ్వు పోగొట్టిందానికి ఆ సముద్రం ఏడాదంతా వచ్చుండును గదమే.”

“అయితే రద్దు చేసేదా అత్తా?”

“ఎందుకు రద్దు? కట్టు. నువ్వు పొద్దున పూట పండుకోవాల, రేవు పక్కకి రాకుండా. అది మోగకపోతే నువ్వు పండుకోవు, పండుకోకపోతే గంపెత్తుకుంటావు, నువ్వు గంపెత్తుకుంటే మేమందరం అడుక్కుతినాల.”

ఒప్పుకుంటున్నాను నొక్కాను. ఇంతసేపు ఊగిన వేలు అదేనా అనిపించింది. అత్త నా చేతిలోంచి ఫోను తీసుకొని, గుండ్లు తనే మళ్ళీ చెవుల్లో పెట్టుకొని, చాప మీద ఒక పక్కకు జరిగి నాకు చోటు చేసి పడుకుంది.

“పడవ వచ్చేసింది గదత్తా, నీకు ఇప్పుడెందుకది?” అన్నాను, చెవుల్లో శబ్దం ఉన్నా వినపడేంత గట్టిగా.

“ఊరికే,” అంది.